అలల బల్ల మీద నిలబడిన మనిషి

పొద్దున్నే నడవమని డాక్టరు చెప్పినప్పటినుంచి మనవరాలిని తోడు తీసుకుని సముద్రపు ఒడ్డుకు పోతున్నాను. మొన్న ఆదివారం నెల్లూరు నుంచి వచ్చిన కుర్రాళ్ళు కొందరు, కారు మీద కట్టుకొచ్చిన రంగురంగుల బల్లలు దించి నీళ్ళలోకి మోసుకుపోయారు. కాసేపటికి వాళ్ళలో ఒకడు అల మీద లేచి నిలబడ్డాడు. వాడి వెనక అప్పుడే పొద్దు పొడుస్తున్నందువల్ల ముఖం తెలియలేదు. మోకాళ్ళు కొంచెం వంచి, ఎడమచెయ్యి నడుముకు ఆనించుకున్న నల్లటి ఆకారం మాత్రం ఒడ్డుకేసి వస్తోంది. నాకు తెలియకుండానే "బావా" అని పిలిచాను. బావ పోయి చాలా ఏళ్ళయింది.

బావ అంటే మా మేనత్త కొడుకు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తరువాతి చదువంతా తోటపల్లి గూడూరు గ్రంథాలయంలోనే సాగింది. అక్కడి చెక్క బీరువాల వాసన, గోడ మీది "నిశ్శబ్దం" అన్న అట్ట మన ఈడువారికి గుర్తుండే ఉంటాయి. సైకిలు మీద పోయి, చేతికి అందినదల్లా చదివేవాణ్ణి, అర్థం కానిది మళ్ళీ చదివేవాణ్ణి. అట్లా చదువుతూండగా, ఒక లావుపాటి పుస్తకంలో, ఎక్కడో దూరదేశపు దీవుల్లో మనుషులు చెక్కబల్లల మీద నిలబడి కొండంత అలల మీదుగా జారివస్తున్న బొమ్మ కనిపించింది. దాన్ని కాగితం మీద దించుకుని తెచ్చి బావకు చూపించాను. దానికి అలల బల్ల అని పేరు కూడా నేనే పెట్టాను.

బావ ఆ బొమ్మను వదల్లేకపోవడానికి కారణం ఉంది. అంతకు ముందటి ఏడు వాయుగుండంలో బావ నాన్న, అంటే మా మామ, వేటకు తీసుకుపోయిన తెప్ప మనిషి లేకుండా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. మా పల్లెలో అట్లా ఒంటరిగా తిరిగొచ్చిన తెప్పను మళ్ళీ నీళ్ళలో వెయ్యరు, పొయ్యిలోనూ పెట్టరు. తాళ్ళు విప్పి దుంగలను సరుగుడు తోట పక్కన ఇసుకలో వదిలేస్తారు. శవం దొరకలేదు గనుక అత్త బొట్టు తియ్యలేదు. ఎవరూ తియ్యమనలేదు కూడా. తెప్ప ఎక్కనని మాత్రం కొడుకు చేత తన నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. బావ కొత్తగా తవ్విన రొయ్యల గుంటల దగ్గర కాపలా పనికి కుదిరాడు గాని, గట్టు మీద కూర్చున్నా ముఖం సముద్రం వైపే ఉండేది. బల్ల తెప్ప కాదు గదా, ఒట్టు తప్పినట్టు కాదు గదా అని ఆ బొమ్మను చూస్తూ పదేపదే అడిగేవాడు.

మొదటి బల్లను అరటి బోదెలకు వెదురు పుల్లలు గుచ్చి చేశాం. తేలింది గాని కాలు పెట్టగానే గిర్రున బోర్లపడేది, మధ్యాహ్నానికి నీళ్ళు తాగి బరువెక్కేది. తరువాత చేపలకు ఐసు వేసే పెట్టెల థర్మోకోలు ముక్కలను గోనెపట్టాలో చుట్టి, నీళ్ళు దిగకుండా వేడి తారు పూశాం. తేలే వస్తువుల సంగతి నేను పుస్తకంలో చదివాను గాని తారు వేడికి థర్మోకోలు కరిగిపోతుందని చదవలేదు. గోనె మాత్రం మిగిలింది. ఆ తరువాత పాత తలుపు చెక్కకు డబ్బా రేకుతో రెక్క చేసి కింద బిగించాం. అది అల రాగానే ముక్కు నీళ్ళలో దూర్చి మమ్మల్ని అవతలికి విసిరేసేది. వలలు బాగుచేసుకునే వాళ్ళకు మేమే కాలక్షేపం. "ఏంరా, సముద్రంలో మంచమేసుకొని పండుకుంటారా?" అని ఒకరంటే, "గ్రంథాలయంలో ఈత గూడా నేర్పిస్తా ఉండారంటనే!" అని ఇంకొకరు. అత్త కూడా నవ్వేది. ఆ ఏడాదిలో ఆమె నవ్వింది మా బల్లలను చూసే.

తేలికగా ఉండాలి, నీళ్ళు తాగకూడదు, ముక్కు పైకి లేచి ఉండాలి. అన్నీ ఉన్నది తెప్ప చెక్కే, అందులో మా చేతికందేది ఊరంతటిలో ఒక్కటే ఉందని ఇద్దరికీ తెలుసు.  ఒకరోజు నేను పోయేసరికే బావ సరుగుడు తోట పక్కన మామ తెప్ప నడిమి దుంగను చెక్కుతున్నాడు. పెద్దవాళ్ళు కేకలేశారు. అత్త వచ్చి చూసి, చెక్కగా పడిన పొట్టును కొంగులో ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ బల్ల మొదటిరోజే బావను నిలబెట్టింది. మా తీరంలో పొద్దున సూర్యుడు ఎదురుగా ఉంటాడు, వచ్చేవాళ్ళ ముఖాలు కనిపించవు. ఎవరు వస్తున్నదీ నిలబడే తీరును బట్టి, చెక్కను బట్టి పోల్చుకుంటారు. తెప్పల మీద వచ్చేవాళ్ళందరూ ఒడ్డు అలలు దాటేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చుంటారు. మామ ఒక్కడే ఆఖరి అల మీద లేచి, ఎడమచెయ్యి నడుముకు ఆనించుకుని, సంతనుంచి ఇంటికొస్తున్నట్టు వచ్చేవాడు. ఆ రోజు బావ, ఎవరూ నేర్పకుండానే, అచ్చం అట్లాగే వచ్చాడు. నా పక్కనుంచి అత్త నీళ్ళలోకి పరుగెత్తింది.

"వచ్చినావా మావా! ఇంతసేపా?"

బావ దగ్గరికొచ్చి ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. అత్త చూసింది. "నువ్వా నాయనా" అంది.

మరునాడు పొద్దున కొడుకును ఆమే లేపింది. గంజి తాగించి, బల్ల ఒక కొస తనే పట్టుకుని నీళ్ళదాకా ఈడ్చుకొచ్చింది. తెప్ప ఎక్కనని ఒట్టు వేయించుకున్న మనిషి, "ఇంకా లోపలికి పో, ఆడ్నించి రా" అని చెయ్యి ఊపింది. మళ్ళీ అదే కేక, మళ్ళీ అదే పరుగు. రోజూ అంతే. ముఖం తెలిసిపోగానే వెనక్కి తిరిగి, "రేపొస్తాడులే" అనుకుంటూ ఇంటికి పోయేది. కొత్తగా పసుపు రాసుకోవడం మొదలుపెట్టింది. అన్నానికి మూడో కంచం పెట్టసాగింది. వలల దగ్గర నవ్వేవాళ్ళు నవ్వడం మానేసి, ఆ వేళకు ఒడ్డుకు రావడమే మానుకున్నారు.

బావకు అల మీద నిలబడడం కంటే ఇష్టమైనది ఈ లోకంలో లేదు. అయినా ఒక సాయంత్రం గుంట గట్టు మీద కూర్చుని నాతో అన్నాడు: "నేను దగ్గరికొచ్చే కొద్దీ అమ్మ ముఖం వాడిపోతా వస్తాది రా. నేనని తెలిసే కొద్దీ." 

మరునాడు బావ ఎప్పటిలాగే లోపలికి పోయాడు. మంచి అల వచ్చింది. లేవలేదు. బల్ల మీద బోర్లా పడుకుని, ఈత రాని పిల్లవాడిలా కాళ్ళు కొట్టుకుంటూ, "అమ్మా, నేనే! అమ్మా, నేనే!" అని ఒడ్డు చేరేదాకా అరుస్తూనే వచ్చాడు. అత్త ఉన్నచోటే నిలబడిపోయింది. మావా అని పిలవలేదు. మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, కొడుకును లేపి కూర్చోబెట్టి, కొంగుతో వాడి ముఖం తుడిచింది. ఆ తడి కొంగుతోనే తన బొట్టు తుడుచుకుంది. ఆ తరువాత బల్ల మీద కూలబడి ఏడ్చింది, ఏడాది ఏడుపు.

బల్లను తీసుకుపోయి మిగతా దుంగల పక్కనే పెట్టాం. ఎప్పుడో ఒక తుఫాను అన్నింటినీ కలిపి తీసుకుపోయింది. బావ బతికినన్నాళ్ళూ మళ్ళీ అల మీద నిలబడలేదు. పెళ్ళి, పిల్లలు, సొంతంగా ఒక రొయ్యల గుంట, అన్నీ అయ్యాయి. పొద్దున ఎండలో సముద్రం వైపు చూడాల్సి వస్తే మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. కళ్ళు మండుతున్నాయనేవాడు.

ఇప్పుడు తెప్పలు లేవు. ఫైబరు పడవలకు ఇంజన్లు వచ్చాయి, నడిసముద్రం నుంచే ఇళ్ళకు ఫోన్లు వస్తున్నాయి. నిలబడే తీరును బట్టి మనిషిని పోల్చుకునే కళ్ళు మా పల్లెలో ఇంకెవరికీ అవసరం లేదు. అది మంచిదే. అట్లా ఎదురుచూసే ఆడవాళ్ళూ తగ్గారు గదా.

మొన్న నా కేక విని మనవరాలు, "ఎవర్ని పిలిచినావు తాతా? ఆ అన్ననా? ఉండు, వచ్చేస్తా ఉండాడు, చూద్దాం" అంది. ఆ నల్లటి ఆకారం చెయ్యి నడుముకు ఆనించుకునే, ఆఖరి అల మీద మా వైపే వస్తోంది. ఇంకొంచెం ఆగితే ముఖం తెలిసిపోయేది. పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా ఇంటివైపు తిరిగాను.