శశికళ బొట్టు పెట్టి పిలిచింది

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో మా అపార్ట్‌మెంట్ల వాళ్లనెవరినైనా శశికళ ఎవరని అడిగితే కాసేపు ఆలోచించేవారు. జగన్మోహన్ గారి మిసెస్ అంటే మాత్రం, "ఓ, ఆవిడా, సున్నుండలు బాగా చేస్తారు" అనేవారు. పక్క గుమ్మంలో ఉండేదాన్ని, నాకు ఒళ్లు మండేది. కాకినాడలో కెమిస్ట్రీ డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసై, అదే కాలేజీ ల్యాబ్‌లో ఏడాదిపాటు పిల్లలతో ప్రయోగాలు చేయించిన మనిషికి ఈ దేశంలో మిగిలిన పేరు అది.

మా ఇద్దరివీ భర్తల ఉద్యోగాల వల్ల వచ్చిన వీసాలే. ఉండొచ్చు, తినొచ్చు, పిల్లల్ని కనొచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. కాగితాల మీద మమ్మల్ని డిపెండెంట్ అని రాసేవారు. ఆ మాట చూసినప్పుడల్లా నేను మా ఆయనతో గొడవ పెట్టుకునేదాన్ని, పాపం ఆయనేదో రాసినట్టు. శశికళ గొడవపడే రకం కాదు. ఒకసారి ఆమె కూతురు పూజిత స్కూల్లో పిల్లలందరూ తమ తల్లులేం చేస్తారో చెప్పారట. పూజిత ఇంటికొచ్చి, "మామ్, నువ్వు నథింగ్ చేస్తావని చెప్పాను, ఓకేనా?" అని అడిగింది. ఓకే అంది శశికళ. మర్నాడు ఆ సంగతి నాకు చెబుతూ, వంకాయలు తరగడం ఆపకుండానే ఏడ్చింది.

ఆ తర్వాతే లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టింది. జీతం లేని సేవకు ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా. శనివారాల్లో అక్కడ, చదువు మధ్యలో ఆపేసిన పెద్దవాళ్లకు హైస్కూల్ పరీక్ష కోసం పాఠాలు చెప్పేవారు. శశికళ లెక్కలు చెప్పేది. ఆమెకు డ్రైవింగ్ రాదు, నేనే దింపి తెచ్చేదాన్ని. ఒకరోజు ముందుగా వెళ్లి తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఇంట్లో "ఊఁ, సరే" తప్ప మాట పెగలని మనిషి, తలనెరిసిన ట్రక్కు డ్రైవర్‌ని పట్టుకుని భిన్నాలు మళ్లీ తప్పు చేశావేమని గదమాయిస్తోంది. ఆయన నవ్వుతూ తల గోక్కుంటున్నాడు. ఈమెను కాకినాడలో చూసి ఉండాల్సింది అనిపించింది నాకు.

ఆ క్లాసులు నడిపేది లొరెయిన్ అనే రిటైరైన టీచరు. ఆవిడా, ఆవిడ స్నేహితురాళ్లూ ఒక సొరోరిటీలో సభ్యులు. సొరోరిటీ అంటే కాలేజీ ఆడపిల్లలు చేరే అక్కచెల్లెళ్ల సంఘం. పార్టీలూ, ఒకేరకం టీషర్టులూ, అంతేగా అనుకునేదాన్ని నేను. వీళ్లది వేరు. నల్లజాతి ఆడపిల్లలను ఏ సంఘమూ గడప తొక్కనివ్వని రోజుల్లో వీళ్ల ముందుతరం వాళ్లు సొంతంగా పెట్టుకున్నది. కాలేజీతో అయిపోదు, ప్రాణం ఉన్నంతకాలం ఉంటుంది. చదువుకునేటప్పుడు చేరనివాళ్లను డిగ్రీ అయ్యాక ఎన్నేళ్లకైనా చేర్చుకుంటారు. అయితే మనంతట మనం వెళ్లి అడగకూడదు, సభ్యులే పిలవాలి.

2008 వేసవిలో ఒక శనివారం శశికళ కారెక్కి సీటుబెల్టు సంగతే మరిచిపోయింది.

"కుమారీ, లొరెయిన్ నన్ను వాళ్ల సంఘంలో చేరతావా అని అడిగింది."

"ఏందీ, కాలేజీ పిల్లల దాంట్లనా?" అన్నాను. నాది హన్మకొండ, ఎంత దాచుకున్నా నోట్లోంచి అదే వస్తుంది.

"డిగ్రీ అయిపోయినవాళ్లకి వేరే చాప్టర్, శాఖలాంటిది, ఉందిట. నాది ఇండియా డిగ్రీ, పనికొస్తుందా అని భయపడుతూ అడిగాను. చాలు అంది. నా డిగ్రీ చాలుట కుమారీ."

ఇల్లు చేరేలోపు ఆ చాలుట అన్న మాట ఎన్నిసార్లు అందో. నేనూ నవ్వాను. సూట్‌కేసు అడుగున చీరల కింద పడివున్న డిగ్రీని ఈ దేశంలో ఒకరు డిగ్రీ అన్నారు. ఆమెకు కావలసింది ఆ సంఘమూ కాదు, పార్టీలూ కాదు. తన చదువుకు, తన పేరుకు ఎక్కడో ఒకచోట చోటు ఉందన్న మాట. అది దొరికితే చాలు, మిగిలినవన్నీ భరించేసేది.

జగన్మోహన్ గారు చెడ్డవారు కాదు. విని, టీవీ సౌండ్ తగ్గించి, "వీసాకేమైనా ప్రాబ్లమ్ అవుతుందేమో, లాయర్‌ని కనుక్కుంటా" అన్నారు. ఆ లాయరు ఎంత నవ్వుకున్నాడో మరి. ఏ ప్రాబ్లమూ లేదన్నాడు.

సెప్టెంబరులో వాళ్లు శశికళను టీకి పిలిచారు. అందరిలోకీ పెద్దావిడ మిసెస్ విట్‌ఫీల్డ్ ఇంట్లో. ఉప్పాడ చీర కట్టుకుని వెళ్లింది. వాళ్లు ఆమె కాలేజీ గురించి, ల్యాబ్ గురించి, ఆమెకు చదువు చెప్పిన టీచర్ల గురించి అడిగారట. జగన్మోహన్ ఏ కంపెనీలో చేస్తాడని ఒక్కరూ అడగలేదట. బయల్దేరేటప్పుడు పెద్దావిడ ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, నువ్వు మాతో ఉంటే మాకు గర్వంగా ఉంటుంది అన్నదట. ఇంటి దగ్గర దింపుతూ లొరెయిన్ మూడు సంగతులు చెప్పింది. నిన్ను చేర్చుకోవాలా అని సభ్యుల ఓటింగ్ ఇంకా ఉంది. అప్పటిదాకా ఇది మన మధ్యే ఉంచు. అక్టోబరులో ఫలానా ఆదివారం మాత్రం ఖాళీ పెట్టుకో, అంతా బాగుంటే సంఘంలో చేరే ప్రమాణం ఆ రోజే.

"ఓటింగ్ ఉందన్నదిగా?" అన్నాను నేను.

"పెద్దావిడ చెయ్యి పట్టుకుని చెప్పాక ఇంకా ఓటేంటే? రోజు కూడా చెప్పేశారు."

నిజమే మరి. ఇంటికి పిలిచి, ఫలహారం పెట్టి, పుట్టుపూర్వోత్తరాలు అడిగి, రోజు చెప్పాక ఖాయం కానిదేముంది? మన లెక్కలో అది తాంబూలాలు పుచ్చుకున్నట్టే. ఇక, మన మధ్యే ఉంచు అన్న మాట. శశికళ దాన్ని పెడచెవిన పెట్టలేదు. ఫోన్లో ఎవరికీ చెప్పలేదు, మెయిల్ పెట్టలేదు. మనుషుల్ని పిలిచింది, అంతే. శుభకార్యం పెట్టుకుని మనవాళ్లను బొట్టు పెట్టి పిలవకపోతే పొగరంటారని నేర్పిన ఇంటి పిల్ల ఆమె. మనవాళ్లకు చెప్పుకోవడం కూడా బయటపెట్టడమేనని ఆమెకు తోచలేదు, ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని. మొగుడి ప్రమోషన్‌కు వ్రతం చేసింది, కూతురి పుట్టినరోజులు చేసింది. పెళ్లయ్యాక తన పేరు మీద చేసుకుంటున్న మొదటి శుభకార్యం ఇదే.

వెండి కుంకుమభరిణె, రవికల గుడ్డలు, సున్నుండల డబ్బాలు కార్లో పెట్టుకుని బయల్దేరాం. ప్రతి గుమ్మంలోనూ బొట్టు పెట్టి, "ఆదివారం పొద్దున వాళ్ల దగ్గర ఫంక్షన్, మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు, మీరంతా రావాలి" అని చెప్పింది. మా తెలుగువాళ్లలో ఒకరైన విజయశ్రీ గారికి అర్థం కాలేదు.

"ఇంతకీ ఏం ఫంక్షనండీ? పూజితకా?"

"కాదండీ. నా డిగ్రీకి" అంది శశికళ.

చివరికి, పెద్దావిడను పిలవకపోతే ఎలాగంటూ మిసెస్ విట్‌ఫీల్డ్ ఇంటికి తీసుకెళ్లమంది. ఆవిడ తలుపు తీసి, మమ్మల్ని చూసి మురిసిపోయింది. శశికళ బొట్టు పెడుతుంటే కళ్లు మూసుకుని, బుద్ధిగా తల వంచింది. పండూ, రవికల గుడ్డా, సున్నుండల డబ్బా చేతిలో పెట్టి, ప్రమాణం అయ్యాక భోజనానికి మా ఇంటికి రావాలి, మా స్నేహితులందరూ వస్తున్నారు అని ఇంగ్లీషులో చెప్పింది శశికళ. పెద్దావిడ నవ్వు అలాగే ఉండి, కళ్లు మాత్రం మారిపోయాయి.

"ఎవరెవరికి చెప్పావమ్మా?" అని మెల్లగా అడిగింది.

శశికళ సంతోషంగా ఒక్కొక్కరి పేరూ చెప్పింది. ఆవిడ చేతిలోని డబ్బా వైపు, శశికళ వైపు చూసి, థాంక్యూ అని, దాన్ని పక్కన బల్లమీద పెట్టింది. బొట్టు మాత్రం తుడుచుకోలేదు. తిరిగి వస్తుంటే, "చూశావా, ఎంత ముచ్చటగా పెట్టించుకున్నారో" అంటూ దారంతా ఆ మాటే.

ఆ ఆదివారానికి ముందు శుక్రవారం లొరెయిన్ వచ్చింది. నేను శశికళ వంటింట్లో చింతపండు నానబెడుతున్నాను. లొరెయిన్ చేతిలో ఒక సంచి ఉంది. దాంట్లో ఆ రవికల గుడ్డ, మూత తీయని ఆ డబ్బా. ఆవిడ కూర్చోలేదు. ఓటు పడకముందే బయట చెప్పుకున్న మనిషిని, ఓటు వేసేవాళ్లకు బహుమతులిచ్చిన మనిషిని తీసుకోకూడదని వాళ్ల నియమం. మళ్లీ ఎప్పుడూ ఆ మనిషి పేరు ప్రతిపాదించడానికి కూడా లేదు. మిసెస్ విట్‌ఫీల్డే మీటింగ్‌లో లేచి చెప్పిందట. దాచిపెట్టడం ఆవిడ వల్ల కాలేదట. చెప్పి, కూర్చుని ఏడ్చిందట.

నాకు కోపం ఆగలేదు. అది బహుమతి కాదు, లంచం అసలే కాదు, మా దగ్గర పిలిచే పద్ధతే అది అని వచ్చిన ఇంగ్లీషంతా వాడి అరిచాను. లొరెయిన్ కళ్ల నిండా నీళ్లు. "ఇదంతా నేనూ చెప్పాను. ఒకరి కోసం సడలిస్తే రేపు ఇంకొకరు అడుగుతారన్నారు" అంది.

శశికళ ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ఒక్కటే అంది, తెలుగులో, నాతో. "రవికల గుడ్డ తిరిగివ్వకూడదే. అది మాత్రం ఉంచుకోమని చెప్పు." నేను చెప్పాను. లొరెయిన్ తల అడ్డంగా ఊపి, సంచి కుర్చీలో పెట్టి వెళ్లిపోయింది.

భోజనాలు మానేద్దామన్నాను. బొట్టు పెట్టి పిలిచి రావద్దని ఎలా చెప్తామంది. నిజమే, అలా చెప్పడానికి మనకు మాటే లేదు. ఆదివారం పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్లు అన్నీ తనే చేసింది. అందరూ పట్టుచీరల్లో వచ్చారు. విజయశ్రీ గారు చీర కూడా పెట్టారు. "ఫంక్షన్ ఎట్లా జరిగిందండీ? ఫొటోలు చూపించండి" అని మొదలుపెట్టారు.

"పోస్ట్‌పోన్ అయిందండి" అన్నారు జగన్మోహన్ గారు, గబుక్కున.

శశికళ చేతిలోని గిన్నె కింద పెట్టింది. "పోస్ట్‌పోన్ కాలేదు. నన్ను వద్దన్నారు. తప్పు నాదే."

పూజిత ప్లేటు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి తల్లినే చూస్తోంది. విజయశ్రీ గారు ఊరుకుంటేగా. "పోనీలెండి, ఆ నల్లవాళ్లతో మనకెందుకు" అన్నారు. మనవాళ్ల ముందు శశికళ గొంతు పెంచడం నేను అప్పుడే విన్నాను. "అలా అనకండి. మీరెవరూ ఎప్పుడైనా నన్ను ఏం చదివావని అడిగారా? వాళ్లు అడిగారు." అని, మళ్లీ గిన్నె తీసుకుని అందరికీ వడ్డించింది. కొసరి కొసరి వడ్డించింది. వాళ్లూ తలలు వంచుకుని తిన్నారు.

ఆ తర్వాత లైబ్రరీకి వెళ్లలేదు. లొరెయిన్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా తీయలేదు. ఆ ట్రక్కు డ్రైవర్ లెక్కల్లో పాసయ్యాడని, శశికళకు చెప్పమన్నాడని లొరెయిన్ కొట్లో కనిపించి నాతో అంది. నేను పరుగున వచ్చి చెబితే, "మంచిది" అని గిన్నెలు తోముకుంటూ ఉండిపోయింది. కుంకుమభరిణె పై అలమరాలోకి ఎక్కింది. పూజిత ఓణీల ఫంక్షన్‌కు అందరికీ కంప్యూటర్లోనే పిలుపులు వెళ్లాయి. నా గుమ్మానికి కూడా రాలేదు మనిషి. నాకు ఎంత కష్టంగా అనిపించిందో చెప్పలేను.

2015లో మాలాంటివాళ్లు కొందరు ఉద్యోగం చేసుకోవచ్చని రూలు వచ్చింది. నేను అప్లై చేశాను. శశికళ చేయలేదు. ఆ చలికాలం మొదట్లో వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను.

"చెయ్యవే తల్లీ. నేను కూసోని నింపుత, నువ్వు సంతకం పెట్టు."

"అడగడం నాకు చేతకాదు కుమారీ. మళ్లీ ఎవరో చూసి వద్దనాలి, అది నేను వినాలి. ఓపిక లేదు."

మాట మార్చాలని ఫోన్ తీసి పూజిత ఫొటోలు చూపించబోయాను. అప్పటికి పూజిత యూనివర్సిటీలో చేరింది. అక్కడ ఏదో సొరోరిటీలో చేరినట్టు ఫేస్‌బుక్‌లో చూసి, నాతో ఒక్కమాట చెప్పలేదేమని శశికళను దులిపేద్దామనే వచ్చాను అసలు. కొత్తగా చేరిన పిల్లలకూ తల్లులకూ టీ పార్టీ అట. ప్రతి పిల్ల పక్కనా ఒక తల్లి నిలబడి ఉంది. పూజిత పక్కన వేరే పిల్ల తల్లి ఉంది.

"నువ్వు పోలేదా?" అన్నాను, ఫోన్ అటు తిప్పేశాక గానీ నోరు జారానని తెలియలేదు.

శశికళ కళ్లజోడు పెట్టుకుని ఆ ఫొటోను చాలాసేపు చూసింది. తను అది చూడటం అదే మొదలని అప్పుడు అర్థమైంది నాకు. చేరినట్టే తెలియదు ఆమెకు. పాడు ఫోన్, దాన్ని లాక్కుందామంటే చేతులు రాలేదు.

"నాకు చెప్పలేదు. మంచిపనే చేసింది" అంది చివరికి. "తెలిస్తే నా చేతులు ఊరుకుంటాయా? రవికల గుడ్డలు తీసుకుని వెళ్లిపోయేదాన్ని."

ఫోన్ నాకిచ్చి, టీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్లింది. నేను టీ వద్దని, వెళ్లొస్తానని గుమ్మందాకా వచ్చి, పాత అలవాటు చొప్పున బొట్టు కోసం కాసేపు ఆగాను. ఆమె లోపల నుంచే తలుపు దగ్గరగా వేసెయ్యమంది.