బల్ల కింద మడమ

పొద్దున్న లేవగానే మెత్తమ్మ మొదట చేసే పని బూట్లకు పాలిష్ పెట్టడం. మొహం కడుక్కోక ముందే, పొయ్యి వెలిగించక ముందే వరండా మెట్టు మీద చతికిలబడి, మొగుడి నల్లబూటు ఎడమచేతికి తొడుక్కుని, కుడిచేత్తో బ్రష్షు ఆడించేది. ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ హెడ్డు. బూటు ముక్కు మీద మొహం కనబడాలి. మడమ కింద కొట్టించిన ఇనుప నాడా కూడా తళతళలాడాలి.

కిందటి వానల్లో ఆయన పోయాడు. దాంతో ఆ పనీ పోయింది. మెలకువ మాత్రం ఆ వేళకే వచ్చేది. వెళ్లి మెట్టు మీద కూర్చుని, ఏం చేయాలో తెలియని చేతులు రెండూ ఒళ్లో పెట్టుకునేది. కాసేపటికి కళ్లమ్మట నీళ్లు కారేవి. ఎందుకు ఏడుస్తోందో ఆమెకే వింతగా ఉండేది. ఆమె కాలివేళ్లు విరగ్గొట్టింది ఆ బూట్లే మరి.

ఆయన నలుగురిలో గొంతు పెంచే రకం కాదు. జుట్టు పట్టుకుని ఈడ్చే రకమూ కాదు. చుట్టాలు వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు ఆమె ఒక మాట ఎక్కువ మాట్లాడినా, ఆయనకు నచ్చని చోట నవ్వినా బల్ల కింద బూటు కదిలేది. పైన ఆయన మొహంలో నవ్వు చెక్కుచెదిరేది కాదు. "తీసుకోండి బావగారూ, మొహమాటం వద్దు" అంటూ పళ్లెం అందిస్తూనే ఉండేవాడు. కింద మడమ ఆమె వేళ్ల మీద దిగి, సిగరెట్టు పీక నలిపినట్టు అటూ ఇటూ తిరిగేది. ఆమె కూడా నవ్వుతూ ఉండాలి. కెవ్వుమంటే ఆ రాత్రి లెక్క వేరేగా ఉంటుంది.

ఒకసారి ఎముక టప్పుమంది. ఆ చప్పుడు ఆమెకు చెవుల్లో వినపడింది కానీ ఎదురుగా కూర్చున్న వాళ్లకు వినపడలేదు. చుట్టాలు గడప దాటగానే ఆయనే ఆమెను వీపున వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. దారి పొడుగునా ఏడ్చాడు. "రాయి పడిందని చెప్పవే, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. అలాగే చెప్పింది. మరోసారి అలమారా పడిందంది, ఇంకోసారి గ్యాసు బండ అంది. కట్టు కట్టే డాక్టరు నవ్వాడు. "మీ ఇంట్లో సామానుకి మీ కాళ్లంటే ఇంత ప్రేమేంటమ్మా?" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. అప్పటికి నవ్వడం బాగా అలవాటైంది.

వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి అతుక్కున్నాయి. చెప్పులు పట్టవు, తోలుబూటు పెడితే ప్రాణం లేచిపోతుంది. పాదానికి ఒక సైజు పెద్దవి, రబ్బరు అడుగున్న గుడ్డబూట్లు కొనుక్కుని, తాళ్లు వదులుగా ముడేసుకుని తిరిగేది. నడిస్తే చప్పుడుండదు. ఎప్పుడు వెనక వచ్చి నిలబడిందో తెలియదు. మెత్తమ్మ అన్న పేరు పిల్లలు పెట్టింది, ఆ నడకను చూసే.

ఆ పేరు మొదట పలికింది చెల్లెలి కూతురు. దానికి మెత్తమ్మ పెట్టిన పేరు పిట్ట. పొద్దున్న లేచింది మొదలు నోరు మూతపడని పిల్ల. బడి నుంచి నేరుగా పెద్దమ్మ ఇంటికే వచ్చేది. పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లో వినబడే చప్పుడల్లా దాని కబుర్లే. అలాంటి పిట్టకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుక్కి ఫర్నిచరు షోరూము ఉంది. మనిషి ఒద్దిక, మాట మర్యాద. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలయ్యాయి. ఆ మధ్యాహ్నమే పెద్ద హోటల్లో విందు.

హోటలు పైగదిలో అద్దం ముందు చెల్లెలు అక్క కాళ్ల వంక చూసి నెత్తి కొట్టుకుంది.

"అక్కా! ఇవేసుకుని కిందికి దిగుతావా? వాళ్ల వైపు ఆడవాళ్లని చూశావా, ఒక్కొక్కరూ ఎలా ఉన్నారో!"

"నాకు వేరేవి పట్టవు కదే."

"ఒక్క పూట ఓర్చుకోలేవా? ఇదిగో, నీకోసమే కొన్నాను." మొన తేలిన చెప్పుల జత ముందు పెట్టింది. "ఫొటోలో నువ్వు ఆసుపత్రి నుంచి లేచొచ్చినట్టు ఉండకూడదు."

"అయితే నన్ను నడుము దాకానే తియ్యమను" అంది మెత్తమ్మ.

పిట్ట పకపకా నవ్వింది. "అమ్మా, మా పెద్దమ్మని వదిలెయ్. ఈ హీల్సు వేసుకుని నేను పడితే పట్టుకోవడానికి సరైన బూట్లున్న మనిషి ఒక్కరైనా ఉండొద్దూ!"

కింద హాల్లో పొడుగాటి బల్ల వేశారు. దాని మీద తెల్లటి గుడ్డ నేల దాకా వేలాడుతోంది. మధ్యలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చున్నారు. అతని పక్కన కండలు తిరిగిన వాళ్లన్న. వీళ్ల వైపు చెల్లెలు, మరిది, చివర మెత్తమ్మ. చాకులు, చెంచాలు, సన్నకాళ్ల గ్లాసులు. ఎవరో ఏదో అడిగితే పిట్ట చిన్నప్పటి సంగతి ఎత్తుకుని, చేతులు తిప్పుతూ చెబుతోంది. బల్లంతా నవ్వుతోంది, పెళ్లికొడుకూ నవ్వుతున్నాడు.

మాట మధ్యలో పిట్ట ఆగిపోయింది.

పెదాల మీద నవ్వు అలాగే ఉంది. కళ్లలో నీళ్లు నిండాయి, మెడ మీద నరం ఒకటి ఉబ్బింది. చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. "తర్వాతేమైంది?" అని ఎవరో అడిగారు. "ఏం లేదు, అంతే" అంది పిట్ట.

ఆ మొహం మెత్తమ్మకు తెలుసు. ఎన్నో ఏళ్లు తను తొడుక్కున్న మొహమే అది.

చెంచా కింద పడేసి, తీసుకునే వంకతో వంగి, గుడ్డ ఎత్తి చూసింది. చీకట్లో మెరిసే నల్లబూటు. దాని మడమ పిట్ట చెప్పులోంచి బయటకున్న వేళ్ల మీద దిగి ఉంది. పెళ్లిబట్ట అంచు కూడా దాని కిందే నలుగుతోంది. మడమ నెమ్మదిగా అటు తిరిగింది, ఇటు తిరిగింది. తెల్లటి అంచులోకి ఎరుపు పాకుతోంది.

లేచి చెల్లెలి రెక్క పట్టుకుని బాత్రూములోకి లాక్కుపోయింది.

"పిల్లని ఇప్పుడే ఇంటికి తీసుకుపోదాం. వాడు కాలు తొక్కుతున్నాడు. రక్తం వస్తోందే!"

చెల్లెలు అద్దంలో బొట్టు సరిచేసుకుంది. "మెల్లిగా మాట్లాడు. దానికి నోరు ఎక్కువ, కొత్తలో కాస్త అదుపులో పెడతారు. నువ్వు ఓర్చుకోలేదా? ముప్పై ఏళ్లు గుట్టుగా కాపురం చేయలేదా?"

మెత్తమ్మ చెల్లెలి రెక్క వదిలేసింది. "నీకు తెలుసా?"

"రాయి పడితే అన్నిసార్లు పడుతుందా అక్కా? అమ్మకీ తెలుసు."

కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. చెల్లెలు దాన్ని గట్టిగా కట్టేసి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది.

మెత్తమ్మ తిరిగి వచ్చేసరికి పెళ్లికొడుకు మైకు పట్టుకుని నిలబడి, అతిథులకు కృతజ్ఞతలు చెబుతున్నాడు. "మా ఆవిడకి కాస్త మాటలెక్కువ. ఇకనుంచి ఇంట్లో రేడియో అక్కర్లేదు" అన్నాడు. హాలంతా నవ్వింది. పిట్ట కూర్చునే ఉంది. మొహం సున్నంలా పాలిపోయింది. నిలబడ్డవాడి బరువంతా ఎక్కడుందో మెత్తమ్మకు వేరే చెప్పక్కర్లేదు.

చప్పుడు లేకుండా అతని వెనక్కి చేరింది. "కాలు తియ్యి నాయనా" అంది చెవి దగ్గర.

అతను తల తిప్పి ఆమెను చూశాడు. కాళ్లనూ చూశాడు. నవ్వి మైకులోనే అన్నాడు. "పెద్దత్తయ్యగారు కూడా రెండు ముక్కలు మాట్లాడతారట! పాపం, ఆటల పోటీ అనుకుని వచ్చినట్టున్నారు."

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల్లో అతని భుజం ఒక పక్కకు ఒరిగింది. బల్ల కింద చిన్న చప్పుడైంది. పిట్ట గొంతులోంచి తొక్కుడుపడ్డ కుక్కపిల్ల అరుపు లాంటిది వచ్చింది.

బల్ల మీద నీళ్ల జగ్గు ఉంది. స్టీలుది, నిండుగా ఉంది. మెత్తమ్మ రెండు చేతులతో ఎత్తి అతని చెవి మీద కొట్టింది.

మైకు కీచుమని అరిచింది. అతను బల్లగుడ్డ పట్టుకుని పడ్డాడు. గుడ్డతో పాటు కేకు, పళ్లేలు, గ్లాసులు అన్నీ అతని మీదికి వచ్చాయి. చెవిలోంచి రక్తం ధార కట్టి తెల్లచొక్కా కాలర్లోకి దిగింది. లేవబోయి అరచెయ్యి నేలకు ఆనించాడు. మెత్తమ్మ ఆ వేళ్ల మీద కాలు మోపింది. ఒంట్లో ఉన్న బలమంతా మడమలోకి దించి తిప్పింది, అటు, ఇటు. తిప్పుతూ తన కాలిని తనే చూసింది. ఎవరూ నేర్పకుండానే అచ్చం ఆయన తిప్పినట్టే తిరుగుతోంది. వాడి వేళ్లకు మాత్రం ఏమీ కాలేదు. మెత్తటి రబ్బరు. వాడు చెయ్యి లాక్కున్నాడు, అంతే.

వాళ్లన్న వెనక నుంచి ఆమె జుట్టు చేతికి చుట్టుకుని ఈడ్చాడు. మొహాన ఒక్క గుద్దు. నోట్లో ఏదో ఊడి నాలుక మీదికి వచ్చింది. రెండో గుద్దుకు కన్ను మూసుకుపోయింది. కుర్చీలు విరిగాయి. ఎవరో ఆడమనిషి అదేపనిగా అరుస్తోంది. "పట్టుకోండి, ముసల్దానికి పిచ్చెక్కింది!" అని మరిది కేకలేస్తున్నాడు కానీ దగ్గరికి రావడం లేదు.

అప్పుడు పిట్ట లేచింది. చెప్పులు విడిచేసి, ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి, బావగారి ముంజేతిని రెండు చేతులతో పట్టుకుని కొరికింది. అతను విదిలించాడు, వదల్లేదు. మోచేత్తో వీపు మీద పొడిచాడు, వదల్లేదు. ఆఖరికి అతనే గోలపెట్టి మెత్తమ్మ జుట్టు వదిలేశాడు. పిట్ట నోరంతా ఎర్రగా ఉంది.

"పద పెద్దమ్మా" అంది.

బల్ల మీద గుడ్డ లేదు ఇప్పుడు. ఎంతమంది ఆ కాలిని చూశారో! చూసినవాళ్లందరూ పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. గాజుపెంకులు పిట్ట పాదాలకు గుచ్చుకోకుండా మెత్తమ్మ తన బూట్లతో పక్కకు నెడుతూ, పిల్ల బరువు భుజాన వేసుకుని, వంటవాళ్ల తలుపులోంచి బయటపడింది.

ఆసుపత్రిలో డాక్టరు పిట్ట వేళ్లు నొక్కి చూశాడు. రెండు విరిగాయన్నాడు. "ఏం పడిందమ్మా?"

పిట్ట పెద్దమ్మ వైపు చూసింది. మెత్తమ్మ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని తల దించుకుంది. అలవాటైన అబద్ధం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

"ఏం పడలేదు. మొగుడు తొక్కాడు" అంది పిట్ట.

మర్నాడు పొద్దెక్కాక చెల్లెలు, మరిది మెత్తమ్మ ఇంటికి వచ్చారు. పిట్ట మంచం మీద కట్టుకాలు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. మెత్తమ్మ వాచిన మొహం చూసి మరిది చూపు తిప్పుకున్నాడు.

"మాట్లాడి వచ్చాం వదినా. పోలీసుల దాకా వెళ్లరట. వాళ్ల మంచితనం అనుకో. మధ్యాహ్నం పెద్దమనుషులు ఇక్కడికే వస్తారు. పిల్ల హోటలు మెట్ల మీద జారింది. నీకు ఆయన పోయిన దుఃఖంలో మతి చలించింది. ఇదీ మాట. క్షమించమని ఒక్క ముక్క అను, వాళ్లు పిల్లని కారెక్కించుకుని పోతారు."

"నేనెక్కను నాన్నా."

"నిన్నెవరూ అడగలేదు, నోర్ముయ్!"

చెల్లెలు గదంతా కలియజూసి, కుర్చీ మీద పడి ఉన్న పెళ్లిబట్ట చేతిలోకి తీసుకుంది. అంచు విప్పి చూసి గతుక్కుమంది. ఎండిన రక్తం నడుమ మడమ ముద్ర స్పష్టంగా ఉంది, అచ్చు వేసినట్టు. మెట్ల మీద జారితే పడే మరక కాదది.

"అయ్యో, ఇది వాళ్లు పెట్టిన బట్ట. ఇదే కట్టుకుని వెళ్లాలి. అక్కా, తొందరగా నానబెట్టు. చన్నీళ్లలో వెయ్యి, ఉప్పు రాయి. రక్తం మరక ఎలా పోతుందో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు!"

అన్నాక చెల్లెలు పెదవి కొరుక్కుంది.

మెత్తమ్మ లేచింది. బట్ట అందుకుని పెరట్లోకి వెళ్లింది. కుళాయి విప్పిన చప్పుడు, బకెట్టు నిండిన చప్పుడు వినబడ్డాయి. చెల్లెలు ఊపిరి వదిలి మొగుడి వంక చూసింది. వాళ్లు వస్తే ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఇద్దరూ మాట్లాడుకోసాగారు.

ఇంతలో భళ్లున నీళ్లు పారబోసిన చప్పుడైంది. చెల్లెలు పరుగున వెళ్లింది. గచ్చంతా తడి, బకెట్టు బోర్లించి ఉంది. ఉప్పుడబ్బా మూత తియ్యనే లేదు. మెత్తమ్మ పొడిబట్ట చేతపట్టుకుని ఇంట్లోకి వచ్చి, వీధిగుమ్మానికి ఎదురుగా కుర్చీ జరిపి, మడమ ముద్ర పైకి కనబడేలా అంచు పరిచింది.

"ఇదేంటక్కా, ఉతకవా? వాళ్లొచ్చే వేళయింది!"

"రానీ" అంది మెత్తమ్మ. వాచిన పెదవి వల్ల మాట ముద్దగా వచ్చింది. "ఉతకను."