చాదస్తం కానిది

శృంగవరపుకోటలో చలికాలపు మంచు వీధుల్లోంచి లేచి మెల్లగా కొండల వైపు పోతుంది. ఆ మంచులో రోజూ తెల్లవారకముందే విశాలి పాటకు వెళ్ళేది. సచివాలయంలో ఉద్యోగం, అద్దె గది, ఒక్కతే మనిషి. మూడేళ్ళుగా ఆ ఊళ్ళో ఆమె గడప తొక్కే ఇల్లు ఒక్కటే, సంగీతం మేష్టారు అప్పలనరసింహం గారిది.

ఆయనది కోవెల్లో పాడే వంశం. కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చి పదేళ్ళ కిందట చూపు పోయింది. చూపుతో పాటు ఓర్పూ పోయిందనేవారు. హార్మోనియం పట్టినవాడు, సినిమా పాట పాడినవాడు, తనలా బొట్టు పెట్టనివాడు, ఇంకో దేవుడికి దణ్ణం పెట్టేవాడు, అందరూ ఆయన దృష్టిలో భ్రష్టులే. వాదిస్తే చేతికర్ర విసిరేవారు. "మా మావయ్యది ఒట్టి చాదస్తం లెండి," అని కోడలు జగదీశ్వరి నవ్వేసేది. వచ్చినవాళ్ళూ నవ్వేవారు.

మొదటి రోజు విశాలి గొంతులో ఆయనకు సినిమా పోకడ వినబడింది. "ఒసే, అది గొంతా, రికార్డింగ్ డాన్సా? మానుకుని రా. లేపోతే రాకు."

మానుకుని వెళ్ళింది. ఉల్లిపాయ మానమంటే మానింది. ఒక్కోటి మానినకొద్దీ ఆయన ముఖంలో ఒక్కో కిటికీ తెరుచుకునేది. ఈ ఏడు ధనుర్మాసం మొదటి రోజు కోవెల్లో మేలుకొలుపు ఆమె చేతే పాడిస్తానన్నారు. ఆ పాట పాడిన మనిషి ఇక ఊరి మనిషే. విశాలికి అంతకన్నా కావలసింది ఏదీ లేదు.

"మీదే ఊరే?" అని ఆయన ఒక్కసారే అడిగారు.

"సాలూరండి."

"లారీల ఊరు! హారన్ శ్రుతిలో పెరిగావన్నమాట."

సాలూరు దాటి, ఘాట్ రోడ్డెక్కి, ఆ రోడ్డూ ఆగిపోయిన చోట ఉన్న పల్లె గురించి ఎవరూ అడగలేదు.

ధనుర్మాసం నాలుగు రోజులుందనగా పాఠం మధ్యలో ఫోన్ మోగింది. అమ్మకు జ్వరం. కంగారులో విశాలి తమ కొండ భాషలోనే మాట్లాడేసింది. ఫోన్ పెట్టేసరికి మేష్టారి తొడ మీద తాళం ఆగిపోయి ఉంది.

"అదేటి బాస?"

చెప్పింది. కర్ర కోసం ఎదురుచూసింది. కర్ర కదల్లేదు.

"నీ తప్పేటీ లేదు తల్లీ," అన్నారాయన. "పుట్టుక అలాంటిది. ఎవరేటి సేస్తారు?"

అంత మెత్తగా ఆయన మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు.

మర్నాడూ వెళ్ళింది. శ్రుతిపెట్టె వేసుకుని పాడసాగింది. ఆయన ముఖం ఆమె వైపే ఉంది, ఖాళీ గోడకు తిప్పినట్టు. పాట సగంలో లోపలికి కేకేశారు.

"అమ్మాయ్, శ్రుతిపెట్టె ఒట్టినే మోగుతాంది. ఇక్కడ ఎవరూ లేరు గదా, ఆపేయ్."

జగదీశ్వరి వచ్చింది. విశాలి మోకాళ్ళ మీదుగా వంగి, ముఖం చూడకుండా మీట నొక్కింది. గది అంతా ఒక్కసారి మూగబోయింది. విశాలి తన గొంతు తడిమి చూసుకుంది. వేళ్ళ కింద అదురు తెలుస్తోంది. తను ఇంకా పాడుతూనే ఉంది.

వీధి గుమ్మంలో జగదీశ్వరి గుసగుసగా అంది. "మనసులో పెట్టుకోకే. చాదస్తం. అందర్నీ అంటారు, నిన్నూ అన్నారు."

"నన్నేటీ అన్లేదక్కా. అదే బయం."

"నాలుగు రోజులు పోతే ఆయనే..."

"చాదస్తమైతే తిడతారు. ఇది మానుకో, అది మానుకో అంటారు. నేను మానేదాన్ని. ఇప్పుడేటి మానాలో నువ్వు సెప్పు. మా యమ్మనా? నా నెత్తురునా?"

జగదీశ్వరి మంచులోకి చూస్తూ అంది. "నువ్వు కొండ పిల్లవని నాకు మొదటి రోజే తెలుసే. ఆయనకి సెప్పలేదు. నీ కాఫీ గ్లాసు మాత్రం వేరే పెట్టాను."

"పువ్వుల గ్లాసా?" విశాలి నవ్వబోయింది. "నా మీద ఇష్టం కొద్దీ అనుకున్నాను. దాన్నేటంటారక్కా? అదీ చాదస్తమేనా?"



ధనుర్మాసం మొదటి వేకువ. కోవెల మంటపంలో స్తంభాల మధ్య మంచు మనుషుల్లా నిలబడి ఉంది. కోడలి భుజం పట్టుకుని మేష్టారు వచ్చారు.

"ఈ ఏడు పాడేవాళ్ళు లేరండీ," అన్నారు పూజారితో.

"భలేవారే! మీ శిష్యురాలు ఎదురుగానే ఉంటేనూ!"

"ఎక్కడ? ఎవరూ లేరే."

పూజారి విశాలిని చూశాడు. మేష్టారిని చూశాడు. మళ్ళీ ఇటు తిరిగినప్పుడు అతని చూపు ఆమెలోంచి దూరి, వెనకున్న స్తంభం మీద ఆగింది. పూలబుట్టలతో వచ్చిన ఆడవాళ్ళ కళ్ళు కూడా ఒక్కో జతే అలా ఆరిపోయాయి.

విశాలి ఎవర్నీ అడగలేదు. పాట ఎత్తుకుంది. ప్రతి చరణం చివరా అందరూ అందుకోవాలి. ఎవరూ అందుకోలేదు. ఆ ఖాళీలో చూరు మీంచి మంచు బొట్లు రాలడం వినబడింది. రెండో చరణం. మళ్ళీ ఖాళీ.

"పద అమ్మాయ్, ఇంటికెళ్దాం," అన్నారు మేష్టారు. "ఇక్కడేటుంది?"

"విశాలి పాడతన్నాది మావయ్యా," అంది జగదీశ్వరి.

గట్టిగా అనలేదు. అయినా మంటపంలో అందరి తలలూ తిరిగాయి. మేష్టారి చెయ్యి ఆమె భుజం మీంచి జారి, మంచులో మరో భుజాన్ని వెతుక్కుంది. జగదీశ్వరి ఆ చేతికి అందకుండా ఒక అడుగు జరిగింది.

విశాలి మూడో చరణం మొదలుపెట్టింది.