మంగళం నిలవని మధ్యాహ్నం

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మే వీలు నాకు లేదు. పెళ్ళయిన రెండో ఏడే మా ఆయన పోయారు. ఆ తరవాత పొద్దున్నే నేను వీధిలోకి వస్తే, ఊరికి బయలుదేరిన పెద్దమనుషులు వెనక్కి తిరిగి, ఇంట్లో మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయలుదేరేవారు. నన్నే దయ్యంలా చూసే మనుషుల మధ్య బతుకుతూ నేను కూడా దయ్యాలను, శకునాలను నమ్మడం మొదలుపెడితే ఇక నా గతేమిటి? అందుకని నమ్మనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఇప్పటికీ తియ్యలేదు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, జరిగింది విన్నాక "ఈవిడకి ఇలాంటి కబుర్లు ఇష్టం కాబోలు" అని ఎవరూ అనుకోకూడదు. నాకు ఇష్టమైనది సంగీతం. అందులోనూ పగటి కచేరీ.

మా అన్నయ్య అమలాపురం కోర్టులో గుమాస్తా. నేను ఆయన ఇంట్లోనే ఉండేదాన్ని. మా ఇంటికి కాస్త దూరంలో, కాలవగట్టున, ఏటా శ్రీరామనవమికి పెద్ద తాటాకు పందిరి వేసి కచేరీలు పెట్టేవారు. అన్నీ రాత్రిళ్ళే. మామూలు ఆడవాళ్ళకే రాత్రిపూట వెళ్ళడం కష్టం, నాబోటిదాని సంగతి చెప్పక్కరలేదు. పెరట్లో నూతి చప్టా మీద కూర్చుని, గాలి ఎటునుంచి వీస్తే అటు చెవి పెట్టి వినేదాన్ని.

యుద్ధం రోజుల్లో కిరసనాయిలుకి కరువొచ్చింది. పెట్రోమాక్సు దీపాలు వెలిగించే దారి లేదు. సముద్రం దగ్గర కాబట్టి రాత్రి వెలుగు కనిపించకూడదని ఆంక్షలు కూడా ఉండేవి. దేవుడి కచేరీ ఆపకూడదు కదా అని, భోజనాలయ్యాక మధ్యాహ్నం పూట పెట్టడం మొదలుపెట్టారు. యుద్ధం లోకానికి ఏం చేసిందో గాని, నాకు మాత్రం పగటి కచేరీలు ఇచ్చింది.

ఆ ఆనందం ఎలా చెప్పను? పెరట్లో చీకట్లో విన్నంతకాలం సంగీతం ఎక్కడినుంచో గాలికి కొట్టుకొచ్చే వస్తువు. పగలు పందిట్లో చూస్తే అది మనుషులు చేసే పని. ఫిడేలు తీగ మీద వేలు ఎంత దూరం జారుతుందో కనిపించేది. వీణ తీగ లాగేటప్పుడు వాయించే ఆయన పెదవి బిగపట్టడం కనిపించేది. తాటాకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా జంపఖానాల మీద పడేది. ఎక్కడో పానకం బిందెలో యాలకుల వాసన. వంటిల్లు కడిగేసి, వదినకి చెప్పి, ఎండలో నడిచి వెళ్ళి ఆడవాళ్ళ వైపు స్తంభం దగ్గర కూర్చునేదాన్ని. ఒళ్ళో చెయ్యి పెట్టుకుని తాళం వేసుకుంటూ ఉంటే నాకు ఇంకేమీ అక్కరలేదనిపించేది.

అన్ని కచేరీల్లోకీ నేను ఎదురుచూసేది ఫిడేలు కామయ్య గారి వాద్యబృందం కోసం. ఆయనది పలివెల. రెండు ఫిడేళ్ళు, వీణ, ఫ్లూటు, మృదంగం, శ్రుతికి హార్మోనియం. పాడేవాళ్ళు ఉండరు. అన్ని వాయిద్యాలూ కలిసి ఒకే కృతిని ఎత్తుకునేవి. కుర్రకారు దాన్ని బేండు మేళం అని వెక్కిరించేవారు. వెక్కిరించినవాళ్ళే ముందు వచ్చి చోటు పట్టుకునేవారు.

ఒకే ఒక్క బాధ. కచేరీ చివర మంగళం వాయిస్తారు, అప్పుడే దేవుడికి హారతి ఇస్తారు. మంగళం కాకుండా ఎవరూ లేవకూడదు. నేను మాత్రం మంగళానికి ముందే లేవాలి. హారతి వేళ విధవ ఎదురుగా ఉండకూడదట. ఎవరూ చెప్పక్కరలేదు, నా అంతట నేనే లేచి దడి బయటికి వెళ్ళిపోవాలి. ఏటా అలాగే వెళ్ళాను. అన్నం పెట్టి పెరుగు దగ్గర లేపేసినట్టుండేది.

యుద్ధం అయిపోయాక కూడా పగటి కచేరీలు ఉండిపోయాయి, జనం రుచి మరిగారు. ఆ మొదటి వేసవిలో జరిగింది ఈ సంగతి.

ఆ రోజు కామయ్య గారి బృందం వాయించిన తీరుకి జనం ఆవలించడం కూడా మరిచిపోయారు. చివరి కృతి అయిపోయింది. హారతి పళ్ళెం సిద్ధం చేస్తున్నారు. నేను లేవలేదు. ముందుగా అనుకున్నది కాదు. అంత బాగా విన్నాక లేవబుద్ధి కాలేదు, అంతే. మంగళం మాత్రం నాది ఎందుకు కాదు అనిపించింది.

పందిరి పెద్ద సత్తిరాజు గారు వచ్చారు. కొబ్బరితోటల ఆసామి, మర్యాదస్తుడు.

"రాజ్యమ్మ గారూ, మంగళం ఎత్తుకుంటారండి. తమరు కాస్త అలా బయటి నీడకి వెళ్తే బాగుంటుందండి."

మా వైపు మర్యాదకి లోటుండదు. గెంటేసినా గారు, అండీ తగిలించే గెంటుతారు.

"ఇక్కడా నీడేనండి. కచేరీకి వచ్చేను, అయ్యేక వెళ్తానండి" అన్నాను.

ఆయన మగవాళ్ళ వైపు కూర్చున్న మా అన్నయ్యని చూశారు. అన్నయ్య లేచి వచ్చాడు. అందరూ చూస్తున్నారు. నా పక్కన వంగి, "లేమ్మా రాజ్యం. రేపు నేనీ ఊళ్ళో తిరగాలి" అన్నాడు. నాకు నీడ ఇచ్చింది ఆ పందిరి కాదు, అన్నయ్య ఇల్లు. ఆయన కోసం లేచాను. బయటికి వెళ్ళి ఎండలో, దడి పక్కన, కాలే మట్టిలో నిలబడ్డాను. కోపంతో ఒళ్ళు మండిపోతోంది. దడి సందులోంచి వేదిక కనిపిస్తోంది.

కామయ్య గారు మంగళం ఎత్తుకున్నారు.

హార్మోనియం ఆధార స్వరం, షడ్జమం, పట్టుకుని ఉంది. మొదటి ఫిడేలు వచ్చి దాని మీద నిలవాలి, రవ్వంత కింద నిలబడింది. రెండో ఫిడేలూ అంతే. వీణా అంతే. ఎవరైనా ఒకరు తప్పితే మిగతావాళ్ళు లాక్కొస్తారు. ఇక్కడ అందరూ కలిసి ఒకేలా దిగిపోయారు.

ఆపి, బిరడాలు బిగించి, శ్రుతి చూసుకున్నారు. సరిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ దిగిపోయింది. కామయ్య గారు ఏమనుకున్నారో ఏమో, మంగళం వదిలి అంతకుముందు వాయించిన కృతి పల్లవి వాయించారు. కడిగిన ముత్యంలా పలికింది. మంగళానికి వస్తే మళ్ళీ జారిపోయింది.

ఎండకి తీగలు సాగాయన్నారు ఒకరు. సముద్రపు గాలికి తేమ పట్టిందన్నారు ఇంకొకరు. సరే, తీగలు సాగుతాయి, ఒప్పుకుంటాను. ఫ్లూటుకి తీగలు లేవు కదా? ఆ ఫ్లూటాయన వెదురుని పై పంచెతో తుడిచి, మళ్ళీ ఊది, ఒళ్ళో పెట్టేసుకున్నాడు. "ఊపిరి సరిగ్గానే వెళ్తోందండి. స్వరమే కిందకి పోతోందండి" అన్నాడు. వెదురు వేడెక్కితే స్వరం పైకి పోతుంది గాని కిందకి రాదని తరవాత కామయ్య గారే నాతో చెప్పారు.

పట్టపగలు. ఊరు ఊరంతా అక్కడే ఉంది. హారతి కర్పూరం పళ్ళెంలో వెలిగించకుండానే ఉంది.

ముందు ఆడవాళ్ళ వైపు నుంచి గుసగుస లేచింది. ఆవిడ ఉసురు తగిలిందన్నారు. కాదు, పోయిన మొగుడు వచ్చి నిలబడ్డాడు, పెళ్ళాన్ని లేపేస్తే ఊరుకుంటాడా అన్నారు. నాకు అంత కోపంలోనూ నవ్వొచ్చింది. బతికుండగా నన్ను ఒక్క కచేరీకి తీసుకెళ్ళని మనిషి, పోయాక పనిగట్టుకుని కచేరీకి వస్తారా?

సత్తిరాజు గారు దడి దాటి నా దగ్గరికి వచ్చారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతులు జోడించారు.

"తమరు లోపలికి రండమ్మా. మనసులో ఏవీ పెట్టుకోకండి."

ఇక్కడే నేను తల వంచి ఉంటే బతుకంతా దయ్యంగానే బతికేదాన్ని. "నా మనసు నొచ్చుకున్న మాట నిజమేనండి. కాని నేనేం చెయ్యలేదు. చేసేనని భయపడి పిలిస్తే రాను. కచేరీ వినడానికి పిలిస్తే వస్తాను" అన్నాను.

ఆయనకి తెలిసిన మర్యాదల్లో అలాంటి పిలుపు లేదు.

ఈ లోపల కామయ్య గారు ఫిడేలు చేత్తో పట్టుకునే వేదిక దిగి, ఎండలోకి వచ్చారు. "రండమ్మా. వినేవాళ్ళని మధ్యలో లేపేస్తే వాయించడానికి మాకు చెయ్యాడదు. మంగళం విని వెళ్దురుగాని" అన్నారు. అంతకుముందు ఆయన నాతో ఎన్నడూ మాట్లాడలేదు. నాకు ఏడుపొచ్చింది. పైట చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళి నా స్తంభం దగ్గర కూర్చున్నాను.

మంగళం ఎత్తుకున్నారు. శ్రుతి నిలిచింది. ఫ్లూటు కూడా నిలిచింది. పుట్టి బుద్ధెరిగాక పందిట్లో కూర్చుని నేను విన్న మొదటి మంగళం అది.

ఆ ఏడంతా నాకు ఎక్కడలేని గౌరవం జరిగింది. నన్ను చూసి వెనక్కి మళ్ళేవాళ్ళు పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవారు. మా వదిన సంతోషించింది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. వాళ్ళు దారి ఇస్తున్నది నాకు కాదు, వాళ్ళు ఊహించుకున్న దయ్యానికి. ఏది నిజమో తేల్చుకోవాలనుకున్నాను.

మరుసటి ఏడు అదే పందిరి, అదే బృందం. మంగళం ముందు ఎవరూ నన్ను లెమ్మనలేదు. అనే ధైర్యం ఎవరికీ లేదు. నా అంతట నేనే లేచి బయటికి వెళ్ళి, నిరుడు నిలబడిన చోటే నిలబడ్డాను. ఇంచుమించు అదే ఎండ, అదే గాలి. పందిట్లో అందరూ బిగుసుకుపోయారు. కామయ్య గారు నా వైపు ఒకసారి చూసి మంగళం ఎత్తుకున్నారు.

ఏమీ కాలేదు. మొదటి నుంచి చివరి దాకా శ్రుతి ఇసుమంత కూడా చెదరలేదు.

సత్తిరాజు గారి మొహం వెలిగిపోయింది. "చూసేరాండీ, ఉత్త గాలి దోషం. ఏడాదంతా అనవసరంగా హడలి చచ్చేం" అని అందరితో చెప్పుకుంటూ తిరిగారు. ఇంటికి వచ్చాక వదిన నన్ను కడిగిపారేసింది. "వాళ్ళ భయమే నీకు అండగా ఉంది. కూచున్న కొమ్మని నువ్వే నరుక్కున్నావు" అంది. నిజమే, నరుక్కున్నాను. ఆ కొమ్మ మీద కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

ఆ పై ఏటికి దేశానికి స్వతంత్రం వచ్చింది గాని మా పందిట్లోకి ఇంకా రాలేదు. చివరి కృతి అవగానే సత్తిరాజు గారు మళ్ళీ వచ్చి నిలబడ్డారు. అదే గొంతు, అదే మర్యాద. "రాజ్యమ్మ గారూ, తమరు కాస్త..."

"లేవనండి" అన్నాను. ఈసారి నా వెనక ఏ దయ్యమూ లేదని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆయన అలవాటుగా అన్నయ్య వైపు తిరిగారు. నేను చూడలేక తల దించుకున్నాను. అన్నయ్య లేచిన చప్పుడు వినిపించింది. వస్తాడు, వంగుతాడు, లేమ్మా అంటాడు. అప్పుడు నేను ఏం చెయ్యాలో నాకు నిజంగా తెలీదు.

అన్నయ్య ఉన్నచోటు నుంచే, పందిరంతా వినేలా అన్నాడు. "మా చెల్లెలు కచేరీ వినడానికొచ్చిందండి. అయ్యేక నాతో ఇంటికొస్తుందండి."

అని మళ్ళీ కూర్చున్నాడు. కామయ్య గారు ఇంకెవరి కోసమూ ఆగకుండా మంగళం ఎత్తుకున్నారు. చక్కగా వాయించారు. హారతి పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చి, నన్ను దాటిపోబోయింది. నేను చేతులు చాపాను. పళ్ళెం కాసేపు అక్కడే ఆగింది. హారతి కళ్ళకద్దుకున్నాను.

ఆ మొదటి ఏడు శ్రుతి ఎందుకు దిగిపోయిందో నాకు తెలీదు. కామయ్య గారిని చాలాసార్లు అడిగాను, ఆయనకీ తెలీదు. నేను నా అంతట లేచి వెళ్తే దిగలేదు, వాళ్ళు లేపేస్తే దిగింది. అంతవరకే చెప్పగలను. దయ్యమని మాత్రం ఒప్పుకోను. ఆ రోజు అక్కడ ఏం చేశారండీ అని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఏమీ చెయ్యలేదు. ఎండలో నిలబడి, వాళ్ళు వాయిస్తుంటే విన్నాను, అంతే.