సుడులు సున్నా

ఎవరైనా ఎదురుపడితే లోకమంతా ముఖం చూస్తుంది, సుడుల మాస్టారు వేళ్లు చూసేవారు.

పుట్టుకతో వచ్చే జబ్బుల ఆస్పత్రిలో ఆయన ఉద్యోగం పిల్లల చేతులకు సిరా పూసి, ముద్రలు తీసి, గీతలు లెక్కపెట్టడం. గీతలు గుండ్రంగా తిరిగితే సుడి, వచ్చిన దారినే మళ్లితే మెలిక. ముప్పైరెండేళ్లలో నలభై వేల చేతులు చూశానని రోజుకు నాలుగుసార్లు చెప్పేవారు. ఐదోసారి మొదలుపెడితే నర్సమ్మ సూది తీసేది.

కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరు పలకరింపుగా చెయ్యి చాపితే, మాస్టారు దానిమీద భూతద్దం పెట్టారు.

"మాస్టారూ, నేను మీ పైఅధికారిని."

"ఉండండి సార్, ఇంకా బొటనవేలి దగ్గరే ఉన్నాను."

సుడి అంటే జనానికి అదృష్టం. అదో గొడవ. వాచ్‌మన్‌కి పదికి పది సుడులు తేలాయి.

"అయితే లాటరీ తగులుతుందా మాస్టారూ?"

"ముందు నీ చేతులకి సబ్బు తగలనీ."

ఒకనాడు ఒక తల్లి మూడు నెలల పాపను తెచ్చింది. జబ్బేమిటో రక్తపరీక్షలో తేలాలి, ఆమెకేమో ఆ పరీక్షంటేనే గుండె దడ. మాస్టారు ముద్రలు తీసి, అలవాటుకొద్దీ నర్సమ్మకు కేకేశారు:

"మెలికలు పది, సుడులు సున్నా!"

తల్లి ముఖం పాలిపోయింది. "నా బంగారానికి ఒక్క సుడీ లేదా? ఇంక పరీక్షలెందుకు, వెళ్లిపోతాం" అంటూ పాపను చుట్టుకుని లేచింది.

మాస్టారు గబగబా తన పది వేళ్లకూ సిరా పూసుకుని కాగితం మీద అద్దారు.

"ఇటు చూడు తల్లీ. నాకెన్ని సుడులున్నాయో లెక్కపెట్టు."

ఆమె కళ్లు తుడుచుకుని వంగి చూసింది. "ఒక్కటీ లేదు బాబాయ్ గారూ."

"లేదు కదా! ఈ సున్నాతోనే పెళ్లి చేసుకున్నా, ముగ్గుర్ని పెంచా, నలభై వేల చేతులు చూశా. ఇది చర్మం మీద గీతమ్మా, తలరాత కాదు. పాపకేం చెయ్యాలో రక్తం చూస్తేనే తెలిసేది."

"మరి పిన్నిగారి సుడి సంగతి?"

"ఆవిడకి నేను దొరికాను. ఇంకేం అడుగుతావులే."

ఆమె ఫక్కున నవ్వింది. కూర్చుని, పాపను నర్సమ్మకు అందించింది.

వాళ్లు వెళ్లాక నర్సమ్మ దూదితో మాస్టారి కుడిచెయ్యి తుడుస్తూ ఆగిపోయింది. ఉంగరపు వేలిమీద నిక్షేపంలాంటి సుడి! పక్క వేలిమీద ఇంకొకటి. కాగితం మీద మాత్రం ఆ రెండు చోట్లా సిరా అలికేసినట్టుంది.

"ఇదేంటి మాస్టారూ?"

"చెయ్యి జారిందమ్మాయ్" అంటూ ఆయన అటు తిరిగి, ఇంకా తుడవని ఎడమచేత్తో కళ్లజోడు తుడుచుకున్నారు. సాయంత్రం దాకా ఆయనకు ఆస్పత్రిలో అందరూ నల్లగానే కనిపించారు.