గిన్నె టెక్కలిలో, మూత పలాసలో

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదాన్ని పెంచి చెప్పడం నాకు బీపీ లాంటిది. మందు వేసుకున్నా కొంచెం మిగిలే ఉంటుంది. మీరే తగ్గించుకుని చదువుకోండి.

మా అత్తగారిది వజ్రపుకొత్తూరు పక్కన పల్లె. వయసులో ఉండగా మిషన్ బంగళాలో వంట చేసేది. దొరసాని దేశం వెళ్ళిపోతూ ఆవిడకొక గాజు గిన్నె ఇచ్చింది. పాలలాంటి తెలుపు, చుట్టూ నీలం పువ్వుల తీగ. ఆ తీగ అంచు దాటి మూత మీదికి పాకేది. పువ్వులు చూసి జీడితోటల్లోంచి తేనెటీగలు వచ్చేవి. గిన్నెలో ఒక పనసకాయ, దాన్ని కోసిన మనిషి, ఇద్దరూ పట్టేవారు.

తొంభైల చివర్లో ఆవిడ సామాను పంచింది. టెక్కలిలో ఉన్న పెద్దకూతురికి గిన్నె, పలాసలో ఉన్న చిన్నకూతురికి, అంటే మా ఆవిడకి, మూత. దేశాలు విడదీసినవాళ్ళు కూడా ఇంత న్యాయంగా గీత గీసి ఉండరు. మా ఆవిడ మూత తిరగేసి జీడిపప్పు పోసుకునేది. వదిన గిన్నె మీద స్టీలు పళ్ళెం బోర్లించేది. ఇలాంటి పాత గిన్నెలు ఏరి అలమరలో పెట్టుకునేవాళ్ళుంటారని, మూత లేకపోతే ముట్టుకోరని విశాఖ చుట్టమొకాయన చెప్పిపోయాడు. ఆనాటి నుంచి మా ఆవిడకి ఆ గిన్నె కావాలి.

ఒక ఈస్టరుకి అత్తగారి ఊరి చర్చిలో విందు. వదిన గిన్నెలో పచ్చి జీడిపప్పు కూర తెచ్చింది, మండలమంతా తిన్నా సగం మిగిలింది. మా ఆవిడ మూతలో కొబ్బరుండలు తెచ్చింది. తీరా బయల్దేరేసరికి వదిన స్టీలు పళ్ళెం ఎవరి సంచిలోకో వెళ్ళిపోయింది.

"మూత ఇత్తావేటే? ఆటోలో కూరొలికిపోద్ది."

"గిన్నె ఇక్కడెట్టీ అప్పా. కూర డబ్బాలో అట్టుకెల్లు."

"నాను సచ్చినా ఎట్టను."

"నాను సచ్చినా ఇవ్వను."

"ముందు నన్ను సావనివ్వండే, తరవాత మీ వంతు" అంది అత్తగారు.

వదిన ఆటో ఎక్కి గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. జీడి సొన అంటి ఆవిడ వేళ్ళు నల్లగా పొక్కి ఉన్నాయి. పప్పంతా తనే ఒలిచిందన్నమాట. మా ఆవిడ అది చూసింది. మూత తెచ్చి గిన్నె మీద పెట్టి, "కూర కోసం ఇత్తన్నాను, నీ కోసం కాదు" అంది.

మా వైపు ఒకరి గిన్నె ఖాళీగా తిరిగి పంపరు. మూతకీ అదే మర్యాద. మూతలో కూర నిలవదు కాబట్టి, వారం తిరక్కుండా వదిన గిన్నెతో సహా పంపింది, నిండా పనసకాయ కూరతో. మా ఆవిడ కడిగి, తుడిచి, అలమరలో పెట్టి చాలాసేపు చూసుకుంది. మూడోనాడు చేపల పులుసు పోసింది. "గిన్నె అప్పది కదండీ. ఉత్తినే ఎలగ పంపుతాం?"

ఆ గిన్నె ఇప్పటికీ ఎవరింట్లోనూ స్థిరపడలేదు. నేనూ మా తోడల్లుడూ మాత్రం ఆటో పట్టనంత అయ్యాం.

తేనెటీగల సంగతి మీరు నమ్మలేదని తెలుసు. అది నిజం, ఒకటి వచ్చింది. నేను కల్పించింది ఆటో దగ్గర మా ఆవిడ అన్న "కూర కోసం" మాట. ఆ రోజు ఆవిడ చేసిందింతే. మూత పెట్టి, కదలకుండా తన తువ్వాలుతో మూట కట్టి, ముడి లాగి చూసి, పక్కకి తప్పుకుంది.