నూనె పెట్టిన టైరు

ఈ మధ్య నువ్వుల నూనె ప్యాకెట్లలో వస్తోంది. ఎక్కడ కత్తిరించాలో దాని మీద చుక్కల గీత గీసి చూపిస్తారు. అక్కడే కత్తిరిస్తాను, నూనె మాత్రం తనకు నచ్చిన దారిన వస్తుంది. నిన్న సగం గిన్నెలోకీ, సగం నా చొక్కా చేతిలోకీ వెళ్ళింది. చొక్కాకేం, ఉతికితే పోతుంది. ఆ వాసనకు అందరికీ పులిహోర గుర్తొస్తుందట. నాకు సైకిల్ టైరు గుర్తొస్తుంది.

మా నాయిన శామీర్‌పేటలో బడిపంతులు. అవి లడాయి రోజులు. రబ్బరు పండే మలయా జపాను వాళ్ళ చేతికి పోయిందన్న సంగతి మాకు టైర్ల వల్లే తెలిసింది. రబ్బరుకు కరువొచ్చి, ఎవరు చేశారో చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడే టైర్లు దుకాణాల్లో వేలాడేవి. అలాంటిదొకటి నాయిన సైకిల్ వెనక చక్రానికి ఉండేది. ఎండాకాలం గుండ్రాళ్ళ మధ్య దారి కాలిపోతుంటే ఆ వేడికి పగిలేది, వానాకాలం ఎర్రమట్టి బురదలో తుమ్మముల్లు దిగి పగిలేది, సీతాఫలాలు పండి గాలి చల్లబడ్డాక మాత్రం ఏ కారణమూ చూపకుండా పగిలేది. సైకిళ్ళు బాగుచేసే ఖాజా మియా చిరిగినచోటల్లా లోపల తోలుముక్క పెట్టి, దబ్బనంతో కుట్టి కుట్టి, చివరికి అందులో రబ్బరు కన్నా దారమే ఎక్కువ చేశాడు. నాయిన సైకిల్ మీద వెళ్తున్నాడని మేం అనేవాళ్ళం కానీ, చాలాసార్లు సైకిలే నాయినను వెంటబెట్టుకుని నడిచి వచ్చేది.

మేడ్చల్ కచేరీలో మూడు అర్జీలు పెట్టుకున్నాక ఆయనకు కొత్త టైరు దొరికింది. అంత మంచిదాన్ని రోడ్డు మీద తిప్పడానికి మనసొప్పలేదు. పాత ధోవతిలో చుట్టి నడింట్లో వాసానికి వేలాడదీశాడు. అది యశోదక్క పరీక్షకని ఇంటిల్లిపాదికీ తెలుసు. అక్క నాకంటే ఐదేళ్ళు పెద్దది. నాయిన దగ్గరే ఇంట్లో చదువుకుని, మిడిల్ పరీక్షకు మేడ్చల్ వెళ్ళి కూర్చోవాలి. అది పాసైతే పట్నంలో ఆడపిల్లల బడిలో చేరుస్తానని నాయిన మాటిచ్చాడు. ఆ టైరు కిందే కూర్చుని అక్క ఉర్దూ పాఠాలు వల్లెవేసేది. ఊళ్ళో పిల్లలం పనికిరాని టైర్లను పుల్లతో కొట్టుకుంటూ చెరువు కట్ట దాకా దొర్లించే రోజుల్లో, మా ఇంట్లో ఒక టైరుకు దేవుడి హోదా వచ్చింది.

దేవుడన్నాక నైవేద్యం తప్పదు. బతుకమ్మ పండుగకు మలీదముద్దలు చేస్తే ఒకటి దాని కింద పెట్టేవారు. దసరానాడు కొడవలి, కత్తిపీటలతో పాటు దానికీ కుంకుమబొట్టు పడేది. మా అవ్వకు లోకంలో నూనెతో బాగుపడని వస్తువు లేదు. తలుపు కీళ్ళు, మోకాళ్ళు, చెప్పులు, మా తలలు అన్నిటికీ అదే వైద్యం. శనివారం నాయిన సంతకు వెళ్ళగానే నన్ను గింజల గుమ్మి మీదికి ఎక్కించి, చేతిలో నువ్వుల నూనె పోసేది.

“తోలుచెప్పులకు పెడ్తె మెత్తగైతలేవా, గిది గుడ గంతే. అక్క పరీక్ష టైరు ఇది, మంచిగ రుద్దు బిడ్డా.”

నేను రెండేళ్ళు మంచిగా రుద్దాను. నూనె కరువులో మా తలలకు తగ్గించి మరీ దానికి పెట్టింది అవ్వ. నాయిన అప్పుడప్పుడు ధోవతి తొలగించి, ఆ నిగనిగ చూసుకుని, అసలైన సరుకంటే ఇదీ అని మురిసిపోయేవాడు.

పరీక్ష రోజు తెల్లవారగానే ఖాజా మియా వచ్చి పాతది విప్పాడు. కొత్తదాని అంచు వేళ్ళతో నొక్కి, వేళ్ళు వాసన చూసుకుని, నూనె కారుతున్న నా తల వైపు చూశాడు.

“పాతదే ఉండనియ్యి పంతులు సాబ్. దానికి దారి ఎరికే.”

నాయిన నవ్వి, కొత్తదే ఎక్కించమన్నాడు. అక్క వెనక కూర్చుని, సిరాబుడ్డి రెండు చేతులా పట్టుకుంది. నాలుగో మైలు దగ్గర మెత్తబడిన అంచు చక్రం మీంచి జారి, ట్యూబు బుడగలా బయటికి ఉబ్బి పగిలిందట. నాయిన సైకిల్ వదిలేసి నడవలేకపోయాడు. దాన్ని తోసుకుంటూ, అక్కను వెంటబెట్టుకుని మేడ్చల్ చేరేసరికి బడి తలుపు మూసేశారు. లోపలి పెద్దమనిషి కిటికీలోంచి మర్యాదగానే “అగ్లే సాల్” అన్నాడట, వచ్చే ఏడు రమ్మని.

సాయంత్రం ఇద్దరూ నడిచి ఇల్లు చేరారు. సిరాబుడ్డి నిండుగానే ఉంది. అవ్వ దిష్టి తగిలిందంది. నాయిన ఆ టైరు చేసినవాళ్ళను తిట్టాడు, బతికినన్నాళ్ళూ తిట్టాడు. నూనె సంగతి నేను దాచిపెట్టాను. ఖాజా మియా పాత టైరు మళ్ళీ ఎక్కించాడు. అది ఇంకో మూడేళ్ళు నడిచింది. మరుసటి ఏడు నన్ను మేడ్చల్ బడిలో వేశారు. అక్క సిరా నాకు పనికొచ్చింది. ఆ బడి తర్వాత కాలేజీ, ఉద్యోగం. అక్క చదువు మాట ఎప్పుడొచ్చినా, టైరు పగిలి పాడైందని మా ఇంట్లో అందరం ఒకే మాటగా చెప్పేవాళ్ళం.

నిన్న చొక్కా మార్చుకుని మేడ్చల్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళాను. ఆ నాలుగో మైలు రాయి ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. ఖాజా మియా కూర్చున్నచోట ఫోన్లు అమ్ముతున్నారు. టైరును సూదీదారంతో కుట్టేవారని చెబితే మా మనవలు నేను కల్పిస్తున్నానంటారు. అక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇన్నేళ్ళకు నూనె సంగతంతా చెప్పాను, నా వల్లే నీ చదువు పోయిందన్నాను. అక్క చేతిలో కాయ పూర్తిచేసి గిన్నెలో వేసింది.

“టైరు పలిగింది ఒక్క దినమే కదరా. మల్లొచ్చిన యేడు అదే సైకిల్ మీద నాయిన నిన్ను బడికి తోల్కపోయిండు.”